యాప్ తీసేస్తే సరిపోతుందా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉర్దూ మీడియం బడి పంతులును. తెలుగులో రాసుకుని మాట్లాడే అలవాటు తక్కువ, తప్పులుంటే మన్నించగలరు.

పోయిన నెల మన కమిటీ ముందుకు ఒక తీర్మానం వచ్చింది. క్యాబ్ యాప్‌లను మన కుటుంబాలన్నీ బహిష్కరించాలని. ప్రతిపాదించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నాకూ ఆ దెబ్బ తగిలింది మరి. మెట్రో ఎల్బీ నగర్‌లోనే ఆగిపోతుంది, మన తుర్కయంజాల్ దాకా రాదు. ఒక రాత్రి అమ్మీని ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఫోన్‌లో బండి పిలిచాను. డ్రైవరు "క్యాషా, ఆన్‌లైనా?" అని అడిగాడు. ఆన్‌లైన్ అనగానే ఇక కదలలేదు. ఇరవై నిమిషాలు చూసి నేను రద్దు చేస్తే, రద్దు రుసుము నా మీదే వేశారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. డబ్బు చిన్నదే, మనసు మాత్రం మండింది. యాప్ తీసి పారేశాను.

మా వీధిలో క్యాబ్ నడిపే అబ్బాయికి ఈ సంగతి చెప్పాను. నా దగ్గర చదువుకున్నవాడే. "మాస్టర్ సాబ్, ఆన్‌లైన్ పైసలు మాకు లేటుగా వస్తయి, కమీషను పోంగ వస్తయి. డీజిలు మాత్రం ఇయ్యాలనే పోయించాలె. మీరు యాప్ తీసేస్తే కంపెనీకి చీమ కుట్టినట్టు గూడ ఉండదు. నా బండి కిస్తు ఎవరు కడతరు?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఈ హాలులో కూర్చున్నవాళ్ళలో ఎన్ని ఇళ్ళు స్టీరింగు మీద బతుకుతున్నాయో మీకు నేను చెప్పాలా?

అయితే బహిష్కరణ దండగేనా? అలాగా అనను. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులు పెట్టి, ఫిబ్రవరి 8 లోగా ఒప్పుకోవాలన్నది. మన సమాచారం ఫేస్‌బుక్‌కు పోతుందని జనానికి భయం పట్టుకుంది. లక్షలమంది సిగ్నల్, టెలిగ్రామ్‌లకు మారారు. కంపెనీ గడువును మే 15కు జరపక తప్పలేదు. నేనూ సిగ్నల్ పెట్టుకున్నాను. అందులో నాకు తెలిసినవాళ్ళు ఇద్దరే, నెల తిరక్కుండా వెనక్కి వచ్చేశాను, అది వేరే మాట. జనం వెనక్కి వచ్చినా కేసు మాత్రం ఆగలేదు. 2024 నవంబరులో కాంపిటీషన్ కమిషన్ మెటా మీద 213 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది.

మన హైదరాబాద్ డ్రైవర్ల పద్ధతి నాకు ఇంకా నచ్చింది. 2025 మార్చి 24 నుంచి ఓలా, ఊబర్, రాపిడోల విమానాశ్రయం ట్రిప్పులు తీసుకోవద్దని వాళ్ళ యూనియను పిలుపునిచ్చింది. ప్రీపెయిడ్ టాక్సీలతో సమానమైన కిరాయి కావాలన్నారు. ఊరంతా పని బంద్ పెట్టలేదు, ఒక్కచోట పట్టుకున్నారు. అలాంటి రోజు మళ్ళీ వస్తే మనం ఎల్బీ నగర్‌లో ఆర్టీసీ పుష్పక్ బస్సు ఎక్కుదాం. అప్పుడు మన బహిష్కరణ వాళ్ళ కడుపు కొట్టదు, వాళ్ళకు అండ అవుతుంది.

కనుక తీర్మానం మార్చవలసిందని మనవి. యాప్ తీసేసే ముందు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. ఆ హెల్ప్‌లైనుకు వచ్చిన ఫిర్యాదులు చూసే, 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఓలాను కదిలించింది. వాపసు డబ్బు కూపనుగానా, బ్యాంకు ఖాతాలోకా అన్నది ప్రయాణికుడే ఎంచుకునేట్టు చేయమని ఆదేశించింది.

బిల్లులు, స్క్రీన్‌షాట్లు ఉన్నవాళ్ళు ఆదివారం అసర్ తర్వాత సంఘం ఆఫీసుకు తీసుకురండి. రాసిపెట్టడానికి నేనూ, నా పాత విద్యార్థీ కూర్చుంటాం. ఆ రెండు గంటలు బండి పక్కన పెట్టి వస్తానని మాట ఇచ్చాడు.