సిగ్నలు చెప్పు దారి
(పెద్దవూరలో పంచాయతీ సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠము)



మన పెద్దవూరకు రైలుమార్గము లేదు. రైలెక్కవలెనన్న మనము మిర్యాలగూడకు పోవుదుము. ఆ మార్గము విష్ణుపురము మీదుగా కృష్ణను దాటి నడికుడి చేరును. గుంటూరు వైపునుండి వచ్చు బండికి నడికుడి వద్ద రెండు దారులు కలవు: ఒకటి మిర్యాలగూడకు, రెండవది మాచర్లకు. ఏ దారి సిద్ధమైనదో డ్రైవరునకు తెలియుట ఎట్లు?

రైలు డ్రైవరు బండిని పక్కకు త్రిప్పజాలడు. తూము తెరచిన వైపునకు నీరు పారునట్లు, పాయింట్లు అమర్చిన వైపునకే బండి సాగును. పాయింట్లనగా పట్టాలు చీలు చోట కదలెడి కొనలు. వానిని అమర్చువారు స్టేషనువారు. ఆ అమరికను డ్రైవరునకు తెలుపునది సిగ్నలు.

పూర్వము దారికొక రెక్క ఉండెడిది. ప్రధాన మార్గపు రెక్క ఎత్తున, పక్కదారి రెక్క దిగువన ఉండెడివి. నేడు దీపములు వచ్చినవి. పసుపు దీపముపైన ఏటవాలుగా ఐదు తెల్లదీపముల వరుస వెలిగినచో బండి ఆ వైపునకు చీలును. చీలుదారిన వేగము సాధారణముగా గంటకు 30 కిలోమీటర్లు మించరాదు. అందువలన అంతకు ముందున్న సిగ్నలే రెండు పసుపు దీపములతో డ్రైవరును హెచ్చరించును.

సిగ్నలు మాట నిజమై యుండుటకు ఇంటర్‌లాకింగు అను కట్టడి కలదు. పాయింట్లు సరిగా కూడి తాళము పడనిదే, సిగ్నలుతో ముడివడిన గేటు మూయనిదే, బండికి అనుమతి రాదు.

ఈ కట్టడి తప్పిన ఏమగునో 2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా బజారులో దేశమంతయు చూచినది. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌నకు సిగ్నలు ప్రధాన మార్గమును చూపెను. పాయింట్లు లూపు లైనునకు ఉండెను. సిగ్నలును నమ్మి వచ్చిన బండి, నిలిచియున్న గూడ్సును ఢీకొనెను. 290 మందికి పైగా మరణించిరి. సిగ్నలు తీగల పనిలో జరిగిన లోపములే కారణమని విచారణలో తేలినది.

రైలుమార్గము ప్రక్కనున్న పంచాయతీలకు మా మనవి ఇది. మూసిన గేటును ఎత్తుమని గేటుమానును ఒత్తిడి చేయనీయకుడు. మంచినీటి గొట్టములకై పట్టాల చెంత త్రవ్వుటకు ముందు రైల్వేవారి అనుమతి పొందుడు. ఒక్క గడ్డపార పోటుకు సిగ్నలు తీగ తెగవచ్చును. అప్పుడు సిగ్నలు ఎరుపుననే నిలుచును. బండ్లను కాగితపు అనుమతిపై నడుపవలసి వచ్చును. యంత్రము కాచుచోట మనుష్యుని జాగరూకత ఒక్కటే మిగులును. ఆ బండ్లలో పోవువారు మనవారే.