వెలుగుతో అతుకు

మా తిరువలంలో పొన్నై ఏటిమీది పాత ఇనుప వంతెనను రివెట్లతో బిగించారు. తర్వాత ఆర్క్ వెల్డింగ్ వచ్చింది. ఇప్పుడు వెలుగే అతుకుతోంది! హైదరాబాదు బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనశాలలో లేసర్‌తో లోహాలను అతికే పని సాగుతోంది. వేడి సన్నని గీతలోనే పడుతుంది గనుక పలుచని రేకు అంతగా వంకరపోదు. అయితే అంచుల మధ్య వెంట్రుక మించి సందుంటే అతుకు చెడుతుంది. రాగి అయితే ఆ కిరణాన్ని చాలావరకు అద్దంలా తిప్పికొడుతుంది.

మా బడి పిల్లలు కొందరు ఐ.టి.ఐ. చదివి వెల్డర్లవుతారు. వాళ్లకొక మాట. ఆర్క్ మెరిస్తే రెప్ప తానే వాలుతుంది. ఈ పనికి ఎక్కువగా వాడే లేసర్ పరారుణ కిరణం. కనిపించదు గనుక రెప్ప వాలదు, చూపు మాత్రం పోతుంది. మామూలు వెల్డింగు నల్లద్దం చాలదు నాయనా. ఆ కిరణానికి తగిన కళ్లద్దాలు అడిగి పెట్టుకోండి.