వేటకుక్కకు విద్యాభ్యాసము



మహాభారతమును విప్పినవారికి ఆదిపర్వము తొలిపుటలలోనే ఒక కుక్కపిల్ల ఎదురగును. జనమేజయుడు యజ్ఞము చేయుచుండగా సరమ యను దేవలోకపు శునకము కొడుకు ఆ చోటికి వచ్చెను. రాజు తమ్ములు దానిని కొట్టి తఱిమిరి. అది యేడ్చుచు తల్లికడకు పోయి చెప్పుకొనెను. సరమ రాజసమ్ముఖమునకు వచ్చి, తన బిడ్డ హవిస్సును ముట్టలేదు, దానివంక చూడనైన లేదు, ఏ తప్పునకు కొట్టితిరని యడిగెను. అంతటి సభలో బదులు పలికినవాడు లేడు. అనుకొనని భయము మీకు కలుగునుగాక యని శపించి ఆ తల్లి వెడలిపోయెను.

అంత పెద్ద గ్రంథమున ఒక కుక్కపిల్ల తిన్న దెబ్బకు తొలిపుటలలోనే చోటు దొరకుట చిన్న సంగతి కాదు. సరమ యడిగిన ఆ ప్రశ్ననే, భారతము ఎఱుగని యొక దేశమున, కుక్కలకు వేటవిద్య గఱపువారు తరతరములుగా తమలో తాము అడుగుకొనుచు వచ్చిరి. ఆ దేశము ఇంగ్లండు. ఆ కుక్క పేరు స్పానియెల్. ఈ ప్రసంగము ఆ కుక్కపిల్ల చదువును గూర్చినది.

స్పానియెల్ పొడుగు చెవులును మెత్తని వెండ్రుకలును గల నడితరపు కుక్క. పేరునుబట్టి దీని పుట్టినిల్లు స్పెయిన్ దేశమని చెప్పుదురు. 1570లో జాన్ కేయస్ అను ఆంగ్ల వైద్యుడు తన దేశపు కుక్కలను గూర్చి లాటిన్ భాషలో ఒక చిన్న పుస్తకము వ్రాసి, అందు ఈ జాతిని కూడ వివరించెను. తుపాకి వాడుకలోనికి రాకమునుపు ఇది పొదలలోని పక్షులను లేపి డేగకో వలకో అందించెడిది. తుపాకి వచ్చిన పిదప దాని పని మఱింత సున్నితమైనది. పక్షులను పైకి లేపునది గనుక ఒక శాఖకు స్ప్రింగర్ అనియు, వుడ్‌కాక్ అను పక్షి వేటకు వాడబడినది గనుక వేఱొక శాఖకు కాకర్ అనియు పేళ్లు కలిగెను. ఇంగ్లీషు స్ప్రింగరును 1902లో ఆ దేశపు కెన్నెల్ క్లబ్బు ప్రత్యేకజాతిగా గుర్తించినది.

మన ప్రబంధములలోని వేటకుక్కలు వేఱు. అవి మెడగొలుసు విప్పగానే దుమికి, మృగమును తఱిమి, పట్టి, చీల్చునవి. స్పానియెల్ పని దానికి తలక్రిందులు. అది వేటగానికి ముందు నడచుచు పొదపొదను వెదకవలయును. వాసన తగిలిన చోట చొరబడి పక్షిని లేపవలయును. పక్షి లేచిన క్షణముననే తాను నేలకు అంటుకొని కూర్చుండవలయును. తుపాకి ప్రేలును, పక్షి పడును, అయినను కదలరాదు. పొమ్మన్న పిదపనే పోయి, పక్షి యీక చెదరకుండ నోట గఱచి తెచ్చి, వేటగాని చేతిలో పెట్టవలయును. ముక్కుక్రింద బుఱ్ఱున లేచిన పక్షిని చూచి కూర్చుండుట! కుక్కపుట్టుక పుట్టిన దేనికైనను ఇంతకంటె కష్టమైన ఆజ్ఞ లేదు.

ఈ నియమము వట్టి ముచ్చట కొఱకు పెట్టినది కాదు. కుక్క తఱుముచు పోయినచో, తక్కువ యెత్తున పోవు పక్షికి గుఱిపెట్టిన గుండ్లు కుక్కకే తగులును. అది పఱుగెత్తిన దారిలోని పక్షులన్నియు అందరాని దూరమున లేచిపోవును. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. కూర్చున్న కుక్క పక్షి యెక్కడ పడినదో కన్నార్పక చూచి గుర్తుంచుకొనును. దెబ్బతిని చావక పొదలో దూఱిన పక్షి, కుక్క వెదకి తేనిచో, దినముల తరబడి బాధపడి చచ్చును. వేట మంచిదా కాదా యన్నది వేఱు చర్చ. భారతదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ చర్చ చాలవఱకు తీఱినది. కాని వేట సాగు దేశమున గాయపడిన ప్రాణిని వెదకి తెచ్చు కుక్క లేకుండ తుపాకి పట్టినవాడు పాపమును రెట్టింపు చేసికొనుచున్నాడనుట న్యాయము.

పూర్వము ఇంగ్లీషువారు ఈ విద్యను, కుక్కను విఱుచుట యను అర్థము కూడ ఇచ్చు మాటతో పిలిచెడివారు. 1848లో హచిన్సన్ అను సైనికాధికారి వ్రాసిన పుస్తకము పేరులో ఆ మాటయే యున్నది. లోపల మాత్రము ఆయన బోధించినది ఓర్పు. వేటభూమికి తీసికొనిపోక మునుపే, ఇంటియొద్దనే నేర్పదగిన తొలిపాఠములకు ఆయన పెద్దపీట వేసెను.

ఆ తొలిపాఠములు పిల్ల యెనిమిది వారముల వయసున తల్లిని విడిచి వచ్చిననాటినుండియే మొదలగును. పేరు ఒకటి రెండు అక్షరములకు మించరాదు. అన్నపుగిన్నె పట్టుకొని చేయి పైకెత్తినచో పిల్ల తల యెత్తి చూచును. తల పైకి పోగా వెనుకభాగము తనంతట నేలకు దిగును. ఆ నిమిషమున కూర్చుండు మను మాట చెప్పి గిన్నె పెట్టవలయును. స్పానియెళ్లకు పరంపరగా వాడు మాట ‘హప్’. కొన్నాళ్లకు మాటకు ఈల తోడగును. కొమ్ముతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన చిన్న ఈల యది. ఒక్క దీర్ఘమైన ఊదు ఊదినచో, ఎక్కడున్నదక్కడ కూర్చుండుము; వరుసగా పొట్టి ఊదులు, నా కడకు రమ్ము; రెండు పొట్టి ఊదులు, అటు మళ్లుము. మూడు సంజ్ఞలతో వ్యాకరణము ముగిసినది. వేటభూమిలో కేకలు వేయువానిని పక్షులు ముందు వినును, కుక్క తరువాత వినును.

రమ్మన్నప్పుడు వచ్చుటకు మందు ఒకటే. పిలిచి, వెనుకకు తిరిగి పఱుగెత్తవలయును. పిల్ల తప్పక వెంటబడును. దానివెంట మనుష్యుడు పడినచో అది ఆట యనుకొని దూరముగా పోవును. ఆ ఆటలో గెలిచిన మనుష్యుడు ఇంతవఱకు లేడు.

ఇక దండనమాట. ఈ విద్యకంతకును కీలకము ఇచ్చటనే యున్నది. ఏడెనిమిది నెలల పడుచుకుక్క ఒకనాడు కుందేలును చూచి ఈల లెక్కచేయక పొలములు దాటి పోయినదనుకొనుడు. పది నిమిషములకు నాలుక వ్రేలవేసికొని, తోక ఊపుచు తిరిగి వచ్చును. అంతవఱకు గొంతు చించుకొన్న యజమాని చేతికందిన కఱ్ఱతో రెండు తగిలించును. అతని లెక్కలో అది కుందేలు తఱిమినందుకు శిక్ష. కుక్క చిట్టాలో మాత్రము చివర వ్రాసిన పద్దు కుందేలు కాదు, యజమాని కడకు వచ్చుట. ఆ పద్దుకే దెబ్బ జమపడును. మనుష్యులయెడ జమాబందినాడు పాత బకాయి వసూలు చేయవచ్చును. కుక్కకు బకాయిల ఖాతాయే లేదు. ఏనాటి లెక్క ఆనాటిది కూడ కాదు, ఏ నిమిషపు లెక్క ఆ నిమిషమునకే చెల్లు. మఱునాడు ఆ కుక్క మరల తఱుమును, తిరిగి వచ్చుటకు మాత్రము జంకును. దూరమున నిలిచి, భూమికి పొట్ట ఆనించి చూచుచుండును. సరమ యడిగిన ప్రశ్న ఆ చూపులో నున్నది.

నేర్పరి యేమి చేయును? కుక్క తానై తిరిగి వచ్చినచో మారుమాట లేక మెడకు త్రాడు వేసి ఇంటికి తీసికొనిపోవును. పరీక్ష తొందరపడి పెట్టితిమని గ్రహించి, మరల సులభమైన పాఠమునకు దిగును. కుక్క ఈలకు కూర్చుండక నాలుగడుగులు ముందుకు పోయినచో, అప్పటికప్పుడే తాను నడచిపోయి, దానిని ఏ చోట కూర్చుండవలసి యుండెనో ఆ చోటికే తెచ్చి కూర్చుండబెట్టి, అచ్చట ఈల ఊదును. తప్పు జరిగిన తావున, జరిగిన క్షణమున దిద్దుబాటు. దూరమునుండి మీట నొక్కి మెడకు విద్యుత్తు తగిలించు పట్టీలు కూడ వచ్చినవి. వేల్స్ దేశమున 2010లో వాని వాడుకను నిషేధించిరి, అది మంచిపని. కోపము చేతికఱ్ఱకు అందని దూరమున ఆగిపోవుట కుక్కకు ఒక రక్ష. మీటకు ఆ దూరము లేదు.

తెచ్చుట నేర్పునది ఇంటి నడవాలో. ప్రక్కదారి లేని సన్నని నడవ చివరకు చుట్టిన మేజోడు ఒకటి విసరినచో, పిల్ల దానిని నోట బట్టి తిరిగి రాక తప్పదు. వచ్చిన వెంటనే లాగికొనరాదు. తల నిమిరి, కొంచెము సేపు దాని సంపద దానికే విడిచి, అప్పుడు మెల్లగా పుచ్చుకొనవలయును. లాగినచో బిగబట్టుట నేర్చును. బిగబట్టిన నోరు పక్షి ప్రక్కటెముకలు విఱుచును. పాలపండ్లు ఊడు మాసములలో ఈ పాఠము మానవలయును, నొప్పి కలిగిన పని ప్రాణికి రోత గదా. దినమునకు రెండు మూడుసార్లు చాలును. తరువాత అర పౌను, ఒక పౌను బరువుగల గుడ్డమూటలు. తరువాత వానికి కట్టిన ఱెక్కలు. ఆపైన చల్లబడిన చచ్చిన పక్షి. విసరిన ప్రతిదానిని కుక్కచేతనే తెప్పించువాడు తెలివితక్కువవాడు. సగమైనను కుక్కను కూర్చుండబెట్టి తానే నడచిపోయి తెచ్చుకొనవలయును. పడినదెల్ల తనది కాదని కుక్కకు తెలియు మార్గము అది.

వెదకుట నేర్పుటలో గాలియే గురువు. ఎదురుగాలికి నడచుచు, మనుష్యుడు కుడికిని ఎడమకును వంకరగా సాగినచో పిల్లయు అట్లే సాగును. ప్రక్కలకు ఇరువది గజములకు మించి పోరాదు. తుపాకి గుండు నమ్మకముగా చేరునది నలువది గజములలోపలనే. ఆవల లేచిన పక్షి ఎవరికిని పనికిరాదు. అటునిటు అల్లికగా ఒక్క పొదయు విడువక వెదకు ఈ నేర్పు వేటకు వెలుపల కూడ ఉపయోగపడినది. బస్టర్ అను స్ప్రింగర్ స్పానియెల్ ఇరాక్ దేశమున దాచిన ఆయుధములను ముక్కుతో పట్టి యిచ్చి, 2003లో జంతువుల శౌర్యమునకిచ్చు డికిన్ పతకము పొందెను.

తుపాకి చప్పుడునకు ఒక్కసారి బెదరిన కుక్కను మరల దారికి తెచ్చుట మిక్కిలి కష్టము. కావున మొదట నూఱు గజముల దూరమున వేఱొకనిచేత చిన్న చప్పుడు చేయించి, పిల్ల ఆటలో మునిగియున్నప్పుడు వినిపింపవలయును. అది చెవి నిక్కించి మరల ఆటలో పడినచో, కొన్నాళ్లకు కొంచెము దగ్గరకు. నీటిపాఠము వెచ్చని దినమున, లోతులేని వాలుగట్టున. పట్టి విసరివేసినవాడు ఈతకు బదులు భయమును నేర్పినవాడగును. తఱుము గుణమును అణచుటకు కంచెవేసి కుందేళ్లను పెంచిన ఆవరణ యొకటి కలదు. అందు త్రాటితో కుక్కను నడిపించి, కుందేలు ఉఱికిన ప్రతిసారి ఈల ఊది కూర్చుండబెట్టుదురు. వారములు గడచును. ఒకనాడు కుందేలు ఉఱుకును, ఈల ఊదుటకు ముందే కుక్క కూర్చుండి యజమాని ముఖము వంక చూచును.

ఈ విద్యకు పరీక్షలు కూడ కలవు. స్పానియెళ్లకు మొదటి పొలముపరీక్ష 1899లో డెర్బీషైరు మండలమున జరిగినది. పక్షి యెముకలు నలిపినను, తఱిమినను, నోరు విప్పి మొఱిగినను కుక్కను అప్పుడే తొలగింతురు. ఏకలవ్యుని కథలో పాండవుల కుక్క యజమానుల కంటికి దూరమై అడవిలో తిరిగి, తెలియనివానిని చూచి మొఱిగి, నోటినిండ బాణములతో తిరిగి వచ్చెను. ఇంగ్లండు పరీక్షకులైనచో ఆ కుక్కను బాణముల యవసరము లేకయే ఇంటికి పంపియుందురు. అయితే తప్పు కుక్కది కాదు. ద్రోణుని శిష్యులలో అస్త్రవిద్య నేర్చినవారే కాని కుక్కకు ఈల నేర్పినవారు లేరు.

పిల్లకు ఏడాది దాటి, పాఠములన్నియు పండిన పిదప తొలివేటకు తీసికొనిపోదురు. అచ్చట ఫెజెంటు పక్షి వేటకాలము అక్టోబరు 1 నుండి ఫిబ్రవరి 1 వఱకు. తొలినాడు శిక్షకుడు తుపాకి పట్టడు. కాల్చు పని వేఱొకరికి విడిచి తాను కుక్కను మాత్రమే చూచును. గుంపుతో కూడిన పెద్దవేటకు పోడు. ఒక ముండ్లకంచె, ఇద్దరు నిదానస్తులు, కొద్దిపాటి పక్షులు చాలును. మొదటి పక్షి ఱెక్కలు టపటప కొట్టుచు లేచునప్పుడు పడుచుకుక్క మేనంతయు వణకును. వెనుకకాళ్లు నేలనుండి రెండంగుళములు లేచును, మరల దిగును. తుపాకి ప్రేలును. పక్షి పడును. శిక్షకుడు దానిని తెమ్మనడు. కుక్కను అచ్చటనే యుంచి, తానే మెల్లగా పోయి, పక్షిని చేతబట్టి తిరిగి వచ్చును. రెండవదానిని కూడ అంతే. మూడవది చచ్చి ఎదుట కనబడుచు పడినచో, కొంత తడవు ఆగి, పేరుపెట్టి పొమ్మనును. అది తెచ్చి చేతిలో పెట్టగానే ఆనాటి పని చాలించి, మధ్యాహ్నము కాకమునుపే ఇంటికి మళ్లి, పొడుగు చెవులలో చిక్కిన ముండ్లు ఒక్కొక్కటే ఏరి, ఒళ్లు తుడిచి, పొడిగడ్డిమీద పండుకొనబెట్టును.