సర్వరు మోయలేనిది మన నుడి కాదు

(కడత్తూరులో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



న్యాయవాదికి కంప్యూటర్లతో ఏమి పని అని మీకు అనిపించవచ్చు. మన హక్కులు నేడు కాగితపు దస్త్రాలను దాటి సర్వర్లలోని డేటాబేసులకు చేరాయి. బడిలో చేరిన బిడ్డకు మాతృభాష ఏదని అక్కడ నమోదైతే కార్యాలయానికి అదే నిజం. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత ఆ గడి విలువ మరింత పెరిగింది. పదో తరగతి తమిళ పరీక్ష మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాకులు సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది.

మాతృభాష గడి పెట్టండి, పేరును తెలుగులోనూ ఉంచండి అని అడిగినప్పుడు ఒక కార్యాలయంలో నాకు దొరికిన జవాబు ఇది: “ఇప్పటికే సర్వరు నెమ్మది. ఇంకో భాషను మోయలేదు.” ఇందులో నిజమెంతో పరిశీలిద్దాం.

మొదట బరువు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. తమిళానికీ అంతే. మాతృభాష గడికైతే మూడక్షరాల అంతర్జాతీయ సంకేతం చాలు.

ఇక వేగం. సర్వరులో 16 కోర్లు ఉన్నాయంటే తాలూకా కచేరీలో 16 మంది గుమాస్తాలు ఉన్నట్లు. అందరూ ఒకే చిట్టాలో రాయాలంటే ఒకరు రాస్తుండగా తక్కినవారు చేతులు కట్టుకుని నిలబడాలి. దీనినే లాక్ పడడం అంటారు. జీన్ ఆమ్‌డాల్ 1967లో చూపిన లెక్క ప్రకారం, పనిలో పదోవంతు ఒకరి తరువాత ఒకరు చేయక తప్పనిదైతే, 16 కోర్లతో వేగం 6.4 రెట్లే అవుతుంది. ఎన్ని కోర్లు చేర్చినా 10 రెట్లు దాటదు. అంటే జబ్బు పని పంచిన తీరులో ఉంది.

మందు కూడా తెలిసినదే. ముందు ఏ ప్రశ్నకు జవాబు ఆలస్యమవుతోందో కొలవాలి. తగిన సూచిక లేకపోతే ఒక్క బిడ్డ వివరం కోసం పట్టిక అంతా చదవవలసి వస్తుంది. వందల కనెక్షన్లు ఒకేసారి మీద పడకుండా వరుసలో నిలపాలి. పెద్ద మార్పులను చిన్న విడతలుగా చేస్తే లాకులు త్వరగా విడిపోతాయి. ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్‌లో 2016 నుంచి ఒకే ప్రశ్నను పలు కోర్లకు పంచే వీలుంది. కాని తొలి అమరికలో అలా పంచే ఒక్కొక్క పనికి ఇద్దరు సహాయకులే దొరుకుతారు. రాత్రివేళ పెద్ద లెక్కలకు ఆ సంఖ్య పెంచవచ్చు. పగటి రద్దీలో పెంచితే తక్కినవారి పని కుంటుపడుతుంది. ఈ చికిత్సలో ఎక్కడా తెలుగును తీసివేయండి అన్న మాట లేదు.

కనుక నోటిమాటతో వెనుదిరగకండి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం మన గోడును రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకోవచ్చు, తెలుగులోనే రాయండి. సమాచార హక్కు చట్టం, 2005 కింద అర్జీ మాత్రం తమిళంలోనో ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. మాతృభాష గడి ఉన్నదా, ఎవరు నింపారు, సర్వరులో ఎన్ని కోర్లు, వేగంపై చేసిన పరీక్షల నివేదికలు ఏవి అని అడగండి. సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి.

అంతకంటే ముందు, రేపే బడికి వెళ్లి మీ బిడ్డ పేరు ఎదుట ఏ భాష రాసి ఉన్నదో చూడండి. తప్పుగా ఉంటే దిద్దమని లిఖితపూర్వకంగా కోరి, అందినట్లు సంతకం తీసుకోండి. సెలవు.