మనసుకు కూడా జబ్బు చేస్తుంది



జ్వరం వస్తే ఆసుపత్రికి వస్తాం. మనసు కృంగిపోతే మాత్రం దాచుకుంటాం. ‘నరాల బలహీనత’ అనుకొని బలం సూదులు, సెలైన్లు పెట్టించుకుంటాం. చాలాసార్లు అసలు జబ్బు డిప్రెషన్.

మన చింతలపూడి మెట్టలో పొగాకు, మొక్కజొన్న ధర పడిపోవచ్చు. కొల్లేరు వైపు చెరువులో చేప చచ్చి తేలవచ్చు. తల్లి గల్ఫ్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉండవచ్చు. బాధ సహజమే. అయితే 2 వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం, ‘నేను పనికిరాను’ అనే ఆలోచన ఉంటే అది వ్యాధి కావచ్చు. సోమరితనం కాదు, గాలి సోకడం కాదు, విశ్వాసం తక్కువై వచ్చిందీ కాదు.

దీనికి చికిత్స ఉంది. మందులు పనిచేయడానికి సాధారణంగా 2 నుండి 4 వారాలు పడుతుంది. తగ్గాక కూడా కనీసం 6 నెలలు వాడాలి. డాక్టరుగారిని అడగకుండా ఆపకూడదు.

ఇంట్లోవారు ‘ధైర్యంగా ఉండు’ అని చెప్పి వదిలేయకండి. పక్కన కూర్చొని వినండి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా విడిచిపెట్టకండి. పురుగుమందు ఇంట్లో నుండి తీసివేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. శిక్ష పడుతుందని భయపడి దాచకండి. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

2022లో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416. ఏ వేళనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

మీ ఇంట్లో ఎవరైనా మాట తగ్గించేశారేమో ఈ రోజే గమనించండి.