పాత కారులో ఆయిలు వేడిని కొలిచే గేజి: అమరిక, వాడకం
(సంఘ కార్యదర్శులు, పాల రవాణాదారుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల తరగతిలో కారు ఇంజను సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. పాలు పొదుగు నుండి సుమారు 37 డిగ్రీల వేడితో వస్తాయి. వాటిని త్వరగా 4 డిగ్రీలకు దించాలని ప్రతి తరగతిలోను చెప్పుకుంటున్నాము. ఊరిలో బల్క్ కూలర్ లేనిచోట, పాలు శీతల కేంద్రం చేరేవరకు ఆ పని మొదలే కాదు. ఎండాకాలంలో బండి దారిలో రెండు గంటలు నిలిచిపోయిందంటే ఆ పాలు మరిగించి చూసే పరీక్షలో విరిగిపోవచ్చు. అప్పుడు నష్టపోయేది బండి యజమాని ఒక్కడే కాదు, ఆ పూట పాలు పోసిన ప్రతి ఇల్లూ నష్టపోతుంది.

ఇక బండ్ల విషయం. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా 1489 సి.సి. డీజిల్ ఇంజను ఉన్న పాత బండ్లు మన సభ్యులలో కొందరి ఇళ్ళ ముందు ఇంకా కనిపిస్తాయి. వెనుక సీటు తీసి 40 లీటర్ల కాన్లు ఆరు వేస్తే పాల బరువే 245 కిలోలకు పైన ఉంటుంది, కాన్ల బరువు వేరు. ఆ బరువుతో, రెండో గేరులో, మట్టిరోడ్డు మీద నడిచే ఇంజనుకు ఆయిలు వేడి ఎంత ఉన్నదో డ్రైవరుకు తెలియదు. ఎదురుగా ఉన్నది నీటి వేడి చూపే ముల్లు, ఆయిలు ప్రెషరు లైటు మాత్రమే.

ఈ రెండూ చాలవని మేము అనడానికి కారణం ఉంది. నీటిని థర్మోస్టాటు సుమారు 82 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది. అందుచేత ఆ ముల్లు మధ్యలోనే నిలబడి ఉంటుంది. ఆయిలుకు అటువంటి కట్టుబాటు లేదు. బరువు పెరిగితే అది 100, 110, 120 అంటూ పైకి పోతూనే ఉంటుంది. వేడెక్కినకొద్దీ పలుచబడి బేరింగుల మధ్య పొర సన్నగిల్లుతుంది. ఇక ప్రెషరు లైటు, ఒత్తిడి దాదాపుగా పోయిన తరువాత గాని వెలగదు. అది వెలిగేసరికి బేరింగులకు దెబ్బ తగిలి ఉండవచ్చు.

ఇంకొక ప్రమాదం చాలామందికి తెలియదు. హోస్ పైపు పగిలి నీరంతా కారిపోతే, నీటి సెన్సరు చుట్టూ నీరే ఉండదు. అప్పుడు ఆ ముల్లు పైకి పోవడానికి బదులు కిందికి దిగవచ్చు. డ్రైవరు బండి చల్లబడిందనుకొని ఇంకా తోలుతాడు. ఆయిలు గేజి ఉంటే దాని ముల్లు ఆ సమయంలో ఎక్కుతూనే ఉంటుంది.

అమరికలో అన్నిటికంటే ఆలోచించవలసినది సెన్సరు ఎక్కడ పెట్టాలన్నది. సులభమైన చోటు ఆయిలు ఛాంబర్ అడుగున ఉండే డ్రైన్ బోల్టు. దాని స్థానంలో సెన్సరు బిగిస్తే ఛాంబర్ విప్పే పని లేదు. కాని మన ఊళ్ళ దారులలో రాళ్ళు, గట్లు అడుగుకు తగులుతాయి. కిందికి పొడుచుకువచ్చిన సెన్సరు ఒక్క రాయికి విరిగితే ఆయిలంతా రోడ్డు పాలు. కంకర రోడ్డు మీద తిరిగే బండికి ఈ చోటు వద్దనే మా అభిప్రాయం. తారురోడ్డు మీదనే తిరిగేవారు పెట్టుకోవచ్చు, కింద ఒక ఇనుప రేకు కవచంతో.

మేము మెచ్చేది ఛాంబర్ పక్కగోడ. ఛాంబర్ విప్పి, శుభ్రంగా కడిగి, పెట్రోలు వాసన కూడా లేకుండా ఆరబెట్టి, మర ఉన్న ఇనుప బుష్‌ను లేత్ షాపులో తయారు చేయించి బ్రేజింగు చేయించాలి. ఆ చోటు ఆయిలు స్టిక్కు మీద కనిష్ఠ గుర్తుకు కిందుగా ఉండవలెను. సెన్సరు కొన క్రాంకుకు గాని, ఆయిలు పీల్చే గొట్టానికి గాని తగలకూడదు. బిగించే ముందు చేతితో ఇంజనును రెండు చుట్లు తిప్పి చూడండి. ఖర్చు ఒక రోజు పని, ఒక కొత్త గాస్కెట్టు.

మర విషయంలో ఊహ పనికిరాదు. పాత బోల్టునే చేతపట్టుకొని షాపుకు వెళ్ళండి. 14 మి.మీ. బోల్టును తొలిచి అందులో సన్న సెన్సరు బిగిస్తామని కొందరు అంటారు. 1/8 పైపు మర వెడల్పే సుమారు 10 మి.మీ. ఉంటుంది. ఇక మిగిలే గోడ కాగితమంత పలుచన. దాని బదులు 14 మి.మీ. మరతోనే తయారైన సెన్సరు కొనడం మేలు. కింద కొత్త రాగి వాషరు వేయాలి. నీటి పైపులకు చుట్టే తెల్ల టేపు మాత్రం చుట్టవద్దు. ఒంటి తీగ సెన్సరుకు ఎర్తు ఆ మర ద్వారానే అందుతుంది, టేపు దానికి అడ్డం పడుతుంది.

తీగల పని ఎలక్ట్రీషియనుకు అరపూట. గేజికి కరెంటు తాళం తిప్పినప్పుడే వచ్చే తీగ నుండి, చిన్న ఫ్యూజు ద్వారా తీసుకోవాలి. రెండో తీగ ఎర్తుకు, మూడోది సెన్సరుకు. సెన్సరు తీగను సైలెన్సరు గొట్టానికి దూరంగా తెచ్చి, రేకును దాటేచోట రబ్బరు బుష్ వేయాలి. గేజి, సెన్సరు ఒకే జతవి కావాలి. ఒక కంపెనీ గేజికి మరొక కంపెనీ సెన్సరు కలిపితే ముల్లు కదులుతుంది గాని చెప్పేది అబద్ధం. మరీ పాత బ్రిటిష్ తరహా బండ్లలో కొన్నిటికి బ్యాటరీ ప్లస్ వైపు ఎర్తు చేసి ఉంటుంది. ముందు అది చూసుకోండి.

బిగించక ముందే పరీక్ష చేయడం మన వారికి చాలా తేలిక, ఎందుకంటే థర్మామీటరు మన చేతిలోనే ఉంది. సెన్సరును, థర్మామీటరును ఒకే నీటి పాత్రలో ఉంచి, సెన్సరు ఇనుప ఒంటికి ఎర్తు తీగ కలిపి నీరు కాచండి. 60 దగ్గర, 80 దగ్గర, మరిగేటప్పుడు రెండూ చూసి రాసుకోండి. సముద్రమట్టం దగ్గరి ఊళ్ళలో నీరు 100 దగ్గర మరుగుతుంది, అరకు వంటి ఎత్తులో సుమారు 97 దగ్గరే. అక్కడ గేజి తక్కువ చూపిందని తిరిగి ఇచ్చివేయకండి.

ఇక అంకెలు. బరువుతో నడిచే బండిలో ఆయిలు 90 నుండి 110 మధ్య ఉంటే నిశ్చింత. 120 దాటితే వేగం తగ్గించాలి. 130కి చేరుతుంటే చెట్టునీడన ఆపి, ప్రెషరు లైటు వెలగకుండా, నీరు పొంగకుండా ఉంటే ఇంజనును రెండు మూడు నిమిషాలు నిదానంగా తిరగనిచ్చి ఆ తరువాతే ఆపండి. రేడియేటరు మూత వేడిమీద తీయకండి. చల్లబడ్డాక ఆయిలు మట్టం, ఫ్యానుబెల్టు, రేడియేటరు సందులలో పట్టిన మట్టి చూడండి. మామూలుగా 100 చూపే మీ బండి అదే దారిలో, అదే బరువుకు 112 చూపుతున్నదంటే ఎక్కడో ఏదో మారింది. అందుకే మొదటి పది రోజులు అంకెను పాల రిజిస్టరు పక్కనే రాసి ఉంచమంటున్నాము.

తక్కువ అంకె కూడా మంచిది కాదు. నాలుగు కిలోమీటర్లు పోయి ఆగి, మళ్ళీ నాలుగు కిలోమీటర్లు పోయే బండిలో ఆయిలు 70 కూడా ఎక్కదు. అప్పుడు లోపల చేరిన తేమ ఆవిరి కాక ఆయిలులో జిగట మడ్డి కడుతుంది. అటువంటి బండికి కిలోమీటర్లు తక్కువే తిరిగినా ఆయిలు ముందుగా మార్చాలి.

ముల్లు అబద్ధమాడే తీరు రెండు విధాలు. సాధారణంగా దొరికే సెన్సరులో వేడి పెరిగితే నిరోధం తగ్గుతుంది. కాబట్టి తీగ ఒరుసుకొని బాడీకి తగిలితే ముల్లు ఒక్కసారిగా చివరికి పోతుంది. అది భయపెడుతుంది గాని ప్రమాదం లేదు. తీగ తెగితే ముల్లు చల్లగా ఉన్నట్లు పడిపోతుంది. ప్రమాదమంతా ఇక్కడే. గంట సేపు కాన్లతో నడిచినా ముల్లు కదలకపోతే సంతోషించవద్దు, బోనెట్ ఎత్తి తీగ చూడండి. ఆయిలు మార్చినప్పుడల్లా ఆ కొసను తుడిచి బిగించమని మెకానికుకు చెప్పండి.

అవతలి బల్ల మీద స్టవ్వు, నీటి పాత్ర, బ్యాటరీ, గేజి పెట్టి ఉంచాము. టీ తాగి రండి. ఒక్కొక్కరు సెన్సరును నీటిలో ముంచి, ఆ తరువాత తీగ ఊడదీసి, ముల్లు ఎటు పోతుందో మీరే చూడవచ్చు.