తెలిసిన పాఠానికి మరో ప్రాణం ఎందుకు?

 ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువతీయువకుల్లో చాలామంది కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి జంతుశాస్త్రం, ఫార్మసీ, వైద్యం చదివినవాళ్లు. వీళ్ల చదువుకూ, వీళ్ల అమ్మానాన్నల కాలం నాటి చదువుకూ ప్రయోగశాలలో ఒక పెద్ద తేడా ఉంది. ఆ తేడా ఎలా వచ్చింది, దానితో పాటు ఏ బాధ్యత వచ్చింది అన్నదే ఈ ప్రసంగానికి విషయం.

ఒకప్పుడు జువాలజీ ప్రాక్టికల్ అంటే మైనం పోసిన ట్రే, గుండుసూదులు, కత్తెర, బల్ల మీద కప్ప. ఫిజియాలజీ ల్యాబులో పని ఇంకా సున్నితం. కప్ప తల వెనక సూది గుచ్చి మెదడునీ వెన్నుపామునీ నాశనం చేసేవారు. పిక్క కండరాన్ని నరంతో సహా కోసి తీసి సన్నని మీటకు కట్టేవారు. నరానికి కరెంటు తగలగానే కండరం ముడుచుకునేది. మీట కదిలి, పొగ పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద తెల్లని గీత గీసేది. ఆ గీత ఎలా వస్తుందో పుస్తకంలో ముందే అచ్చయి ఉండేది. మాస్టారికి తెలుసు, రికార్డు రాసే విద్యార్థికీ తెలుసు. అయినా ఏటా, ప్రతి బ్యాచికీ మళ్లీ కప్పలు కావలసి వచ్చేవి.

ఆ కప్ప వరిచేలో పురుగుల్ని తిని బతికే జీవి, రైతుకు అక్కరకొచ్చే జీవి. కప్పకాళ్ల ఎగుమతిని మన దేశం 1987లోనే నిషేధించింది. తరగతి గదిలో కోత మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు సాగింది.

నిజానికి చట్టం అంతకుముందే ఉంది. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా తెచ్చిన ప్రైవేటు బిల్లు దేశాన్ని కదిలించింది. దాని ఫలితమే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. మనిషి కాని ప్రతి ప్రాణీ ఆ చట్టం దృష్టిలో జంతువే. కప్పకు, చేపకు, ఎలుకకు అది ఒకేలా వర్తిస్తుంది. దానిలోని 17వ సెక్షన్ చదువు చెప్పేవాళ్లంతా గుర్తుంచుకోవలసినది. పుస్తకాలు, నమూనాలు, సినిమాలు సరిపోయే చోట వైద్య కళాశాలల్లో, ఇతర కాలేజీల్లో జంతు ప్రయోగాలు మానుకోవాలని అది చెబుతోంది. కేవలం చెయ్యి తిరగడం కోసం ప్రయోగాలు చేయడాన్ని వీలైనంత వరకు వద్దంటోంది.

ఆ మాట తరగతి గది దాకా రావడానికి యాభై ఏళ్లు పట్టింది. యూజీసీ 2011లో డిసెక్షన్లు బాగా తగ్గించమని, కాలేజీల్లో పర్యవేక్షణ కమిటీలు వేయమని మార్గదర్శకాలిచ్చింది. 2014లో డిగ్రీ, పీజీ జంతుశాస్త్ర తరగతుల్లో వాటిని పూర్తిగా ఆపమంది. అదే ఏడాది భారత వైద్య మండలి ఎంబీబీఎస్ బోధనలో జంతువుల స్థానంలో కంప్యూటర్ నమూనాలు వాడమంది. ఫార్మసీ కౌన్సిల్ బి.ఫార్మసీ సిలబస్‌లో కూడా ఫార్మకాలజీ ప్రయోగాలను సాఫ్ట్‌వేర్, వీడియోల ద్వారా చూపాలని ఉంది.

వీటికి కావలసిన పనిముట్టు మన పొరుగునే తయారైంది. పుదుచ్చేరి జిప్‌మర్‌లో ఫార్మకాలజీ ఆచార్యుడు ఆర్. రవీంద్రన్ ‘ఎక్స్‌ఫార్మ్’ అనే ప్రోగ్రాం రూపొందించారు. కుందేలు కంటిపాప మీద మందు ఎలా పనిచేస్తుందో, కప్ప గుండె వేగం ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గుతుందో విద్యార్థి తెర మీద చూడొచ్చు. పొరపాటు చేస్తే మళ్లీ మొదలుపెట్టొచ్చు. వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయికీ ముందు బెంచీ వాళ్లకు కనిపించినంత స్పష్టంగా కనిపిస్తుంది.

తెర మీద కణజాలం చేతికి తగలదు కదా అని కొందరు అధ్యాపకులు అంటారు. ఆ మాటలో నిజముంది. పశువైద్యుడు కాబోయేవాడు ఏదో ఒక రోజు ప్రాణమున్న పశువు మీద చెయ్యి వేయాల్సిందే. ఆ చెయ్యి చికిత్స అవసరమైన పశువు దగ్గర, అనుభవమున్న డాక్టరు పక్కనుండగా పడితే విద్యార్థీ నేర్చుకుంటాడు, పశువూ బాగుపడుతుంది.

అంతమాత్రాన జంతువుల మీద పరిశోధనే తప్పని అనడం సరికాదు. గోదావరి జిల్లాల వాళ్లకు బోదకాలు గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. ఫైలేరియా క్రిములు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి కాబట్టి ఆరోగ్య సిబ్బంది రాత్రిళ్లు ఇళ్లకు వచ్చి వేలి నుంచి నెత్తురు చుక్క తీసుకెళ్లడం ఇక్కడి పెద్దలకు తెలుసు. ఊరూరా మింగించిన డీఈసీ మాత్ర వెనక ఉన్నది వశిష్ట గోదావరికి అవతల, భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందం సహజంగా ఫైలేరియా సోకిన కాటన్ ఎలుకల మీద, కుక్కల మీద ఆ మందును పరీక్షించి 1947లో ఫలితాలు ప్రకటించింది. అప్పటికి ఆ జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. కప్ప కండరం గీసే గీత మాత్రం పుస్తకంలో ఉంది. తెలియనిదాన్ని వెతకడానికి జంతువును అడగవలసి వస్తే, అందుకు గట్టి కారణం, అనుమతి, హద్దు ఉండాలి. తెలిసినదాన్ని మళ్లీ చూపించడానికైతే అసలు అడగకూడదు.

ఆ హద్దు చూసేది సంస్థాగత జంతు నైతికతా కమిటీ. పరిశోధన సాగే ఏ కాలేజీలోనైనా ఎలుక మీద సూది పడకముందే ప్రతిపాదన దాని ముందుకు రావాలి. కమిటీలో జీవశాస్త్రవేత్తలు, పశువైద్యుడు, జంతుగృహం చూసే శాస్త్రవేత్త, బయటి సంస్థ నుంచి ఒక శాస్త్రవేత్త, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ ప్రతినిధి ఉంటారు. వారితో పాటు సామాజిక స్పృహ ఉన్న, శాస్త్రవేత్త కాని ఒక పౌరుడు కూడా ఉండాలి. జంతువులు లేకుండా కుదరదా, ఇన్ని ఎందుకు, నొప్పి తెలియకుండా ఏం చేస్తారు, పనయ్యాక వాటి గతి ఏమిటి అని అడగడం వాళ్ల పని. మొదటి మూడు ప్రశ్నలకూ మూలం 1959లో రస్సెల్, బర్చ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు రాసిన పుస్తకం. నాలుగోదైన పునరావాసాన్ని మన దేశం చేర్చుకుంది.

అనుమతి కాగితం వచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. జంతుగృహంలో ఉష్ణోగ్రత 18 నుంచి 29 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 30 నుంచి 70 శాతం మధ్య ఉండాలన్నది జాతీయ మార్గదర్శకం. మే నెలలో కోనసీమ ఉక్కపోత ఎరిగినవాళ్లకు ఇది ఎంత కష్టమో వేరే చెప్పాలా? కరెంటు పోతే జనరేటరు వెంటనే అందుకోవాలి. 1996 నవంబరు తుఫాను కొబ్బరితోటల్ని నేలమట్టం చేసిన, 2022 జూలై వరద లంకల్ని ముంచెత్తిన సీమ ఇది. నీళ్లొస్తే బోనుల్ని ఏ అంతస్తుకు ఎక్కించాలి, ఎవరు ఎక్కించాలి, ఆదివారం మేత ఎవరు వేస్తారు అన్నవి రాతలో ఉండాలి. బోనులో ఉన్న జీవి తలుపు తీసుకుని వెళ్లిపోలేదు.

ఈ పట్టభద్రుల్లో కొందరు రేపు హైదరాబాద్, విశాఖ మందుల కంపెనీల్లో చేరతారు. కొందరు ఎం.ఫార్మసీకి, పీహెచ్‌డీకి వెళతారు. ఇంకొందరు ఇక్కడి కాలేజీల్లోనే పాఠాలు చెబుతారు. పరిశోధనకు వెళ్లేవాళ్లు గైడు ఎన్ని జంతువులు రాయమంటే అన్ని రాసెయ్యకుండా, లెక్క వేసి తగ్గించగలిగితే తగ్గించాలి. నొప్పి లక్షణాలు కనిపించిన రోజున ప్రయోగం ఆపి పశువైద్యుణ్ణి పిలవగలగాలి. అధ్యాపకులయ్యేవాళ్లు తమ ల్యాబులో మంచి వీడియోలు, నమూనాలు ఉండేలా బడ్జెట్ అడగాలి. శాస్త్రం జోలికి వెళ్లని ఆర్ట్స్, కామర్స్ పట్టభద్రులకూ కమిటీలో ఆ పౌరుడి కుర్చీ ఉంది. దగ్గర్లోని సంస్థ అడిగితే కాదనకుండా వెళ్లి, కాగితాలు చదివి, అర్థం కాని చోట అర్థమయ్యేదాకా అడగాలి.